వేడినీళ్లు వేరు, కాచిన నీళ్లు వేరు

ఇంటికి చేరిన నాలుగో రోజు రాత్రి త్రేన్పులు మొదలయ్యాయి. మామూలు త్రేన్పులు కావు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. తెల్లారేసరికి కడుపు ఉబ్బి డోలులా అయింది, ఆ తర్వాతి సంగతి వర్ణించను. పరీక్ష చేయించిన డాక్టరుగారు గియార్డియా అన్నారు, కడుపులో చేరే ఒక సూక్ష్మ క్రిమి. కడుపులోకి వెళ్లిన వెంటనే బయటపడదట, వారం రెండు వారాలు పడుతుందట, ఒక్కోసారి మూడు. అంటే నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంపు నడక దారిలో నేను తాగిన ఏ గ్లాసైనా దోషి కావచ్చు. నాకు అనుమానం మాత్రం రెండింటి మీదే. ఒకటి 220 రూపాయలు పోసి కొన్న లీటరు నీళ్లు, రెండోది 3,950 రూపాయలు పోసి కొన్న ఫిల్టరు. డబ్బు పెట్టి కొన్నవే రెండూ. అదీ నా బాధ.

వెళ్లింది ముగ్గురం: అక్క, బావగారు, నేను. అక్క ముప్పై ఏళ్లు కోనసీమలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైంది. బావగారు బ్యాంకు నుంచి రిటైరయ్యారు, మోకాళ్లు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉన్నాయి. విజయవాడలో రప్తీ సాగర్ ఎక్కి గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు, అక్కడి నుంచి బస్సులో పోఖరా. ఇదంతా సాఫీగా జరిగింది, చెప్పుకోవడానికి ఏమీ లేదు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వెళ్లే పర్మిటు సార్క్ దేశాల వాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు. మన వంద వాళ్లకు నూట అరవై కాబట్టి మన లెక్కలో 625. ఇకపై కొండ మీద ధరలన్నీ నేపాలీ రూపాయల్లోనే చెబుతాను.

నీళ్ల గురించి పంచాయితీ బయలుదేరక ముందే, మా డాబా మీద జరిగింది. లీటరు నీళ్లంటే కిలో బరువు. మూడు లీటర్లు మోస్తే మూడు కిలోలు, ఆ బరువు భుజానికి మధ్యాహ్నం దాటాక తెలుస్తుంది. ఆ దారిలో గంటకో కొళాయి, రెండు గంటలకో వాగు ఉంటాయి. కాబట్టి మోయాల్సింది లీటరే, మిగిలినది ఎప్పటికప్పుడు నింపుకొని శుద్ధి చేసుకోవాలి. ఇంతవరకూ ముగ్గురం ఒప్పుకున్నాం. ఎలా శుద్ధి చేయాలన్న దగ్గరే ఎవరి మతం వారిది.

బావగారిది అతినీలలోహిత కిరణాల మతం. డాలస్ నుంచి వాళ్ల అబ్బాయి పంపిన లావుపాటి పెన్నులాంటి పరికరం, బ్యాటరీలతో కలిపి వంద గ్రాములు. లీటరు నీళ్లలో ముంచి తొంభై సెకన్లు తిప్పితే బ్యాక్టీరియా, వైరస్, గియార్డియా అన్నిటి పనీ పడుతుంది. రుచి మారదు, వాసన రాదు. నాది ఫిల్టరు మతం: సంచిలో వాగు నీళ్లు నింపి, మూతికి ఫిల్టరు బిగించి, ఆవు పొదుగు పితికినట్టు పితకడం. ఎనభై అయిదు గ్రాములు. రంధ్రాలు 0.1 మైక్రాన్, గియార్డియా దానికి ఎనభై తొంభై రెట్లు పెద్దది, దూరే ప్రశ్నే లేదు. కామెర్లు తెప్పించే హెపటైటిస్ ఏ లాంటి వైరస్‌లు మాత్రం 0.03 మైక్రాన్ ఉంటాయి, అవి దర్జాగా దాటిపోతాయి. ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ "కొండల మీద వైరస్‌లు ఎక్కడివి" అనుకున్నాను. ఆ కొండల నిండా ఊళ్లూ లాడ్జీలూ వాటి మరుగుదొడ్లూ ఉంటాయన్న ఆలోచన రాలేదు.

అక్క ఏమీ వాదించలేదు. మందుల షాపుకు వెళ్లి లీటరు నీళ్లకు వేసే క్లోరిన్ బిళ్లలు యాభై తెచ్చుకుంది, 140 రూపాయలు. దాంతోపాటు పాత నేత చీర నుంచి చించిన జానెడు గుడ్డ. వరదలప్పుడు పంచే బిళ్లలు ఒక పెట్టె ఇంట్లో ఉన్నాయి కదా అని నేనంటే, "అవి ఇరవై లీటర్ల బిందెకు వేసేవి తమ్ముడూ, లీటరు సీసాలో వేసుకుంటే గొంతు మండుతుంది" అంది. 2022 జూలై వరదలో లంక గ్రామాలకు పడవలో వెళ్లి ఆ బిళ్లలు పంచిన మనిషి తను. వేయడం ఒక్కటే కాదు, వేశాక ఆగడం నేర్పడానికే ఎక్కువ కష్టపడేదాన్నని చెప్పేది. బిళ్ల కరగ్గానే మందు పని అయిపోయిందనుకుంటారట జనం.

దారిలో ఛోమ్రోంగ్ అనే ఊరి దాకా మూడు మతాలూ బాగానే నడిచాయి. అది దాటాక ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు అమ్మరు. చెత్త కిందికి మోసేవారు ఉండరు కాబట్టి ఆ నిబంధన న్యాయమైనదే. అక్కడి నుంచి మన నీళ్లకు మనమే దిక్కు, లేదా లాడ్జి వంటగది.

మొదట పడిపోయింది బావగారి పెన్ను. బాంబూ అనే మజిలీ దాటాక మోదీ ఖోలా అనే నది ఒడ్డున నీళ్లు పట్టారు. మంచు కరిగి రాతి పిండిని మోసుకొచ్చే నీళ్లవి, బియ్యం కడుగులా ఉంటాయి. కలక నీళ్లలో ఆ కిరణాలు లోపలిదాకా పోవు. క్రిమి మట్టి రేణువు చాటున దాక్కుంటే దానికి ఏమీ కాదు. పరికరం మీద మాత్రం పచ్చ దీపం వెలిగింది. బావగారు ఆ దీపాన్ని నమ్ముతానంటారు, అక్క తాగనివ్వదు. చివరికి నీళ్లు పారబోశారు, ఆ సాయంత్రమంతా ఆయన ముఖం మాడ్చుకునే ఉన్నారు. సినువా నుంచి పైకి మాంసం వండరన్న సంగతి కూడా అప్పటికే తెలిసింది, కోపం దేని మీదో మాకు అర్థం కాలేదు. మూడో రోజుకు చలికి బ్యాటరీలు కూడా చల్లబడ్డాయి. జేబులో పెట్టుకొని వెచ్చబరిస్తే కాసేపు పనిచేసేవి. పసిబిడ్డను సాకినట్టు సాకాల్సి వచ్చింది.

అక్క పద్ధతి చెబుతాను. చీర గుడ్డను నాలుగు మడతలు వేసి సీసా మూతికి వాసెన కట్టినట్టు కట్టేది, నీళ్లు దాని గుండా పోసేది. చీర గుడ్డతో ఏమవుతుందని తీసిపారేయకండి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను అలా మడతలు వేసి వడగట్టుకున్న చోట కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో పరిశోధకులు ప్రచురించారు. కలరా క్రిమి అంటిపెట్టుకుని ఉండే నీటి పురుగులు ఆ మడతల్లో ఆగిపోతాయి. మా అమ్మమ్మ గోదావరికి కొత్త నీరు వచ్చినప్పుడు బిందె లోపల చిల్లగింజ అరగదీసేది, అదీ ఇలాంటిదే. మురికి అడుక్కు దిగుతుంది, క్రిములు మాత్రం చావవు, దానికి మందు వేయాల్సిందే. తేట నీళ్లకు క్లోరిన్ అరగంట చాలు. చల్లటి నీళ్లలో మందు మందకొడిగా పనిచేస్తుంది కాబట్టి అక్క గంట ఆగేది, రాత్రిళ్లయితే బిళ్ల వేసి తెల్లారాకే తాగేది. ఒకసారి బావగారు వాసన భరించలేక పది నిమిషాలకే అందులో నిమ్మ పొడి కలిపేశారు. నిమ్మలోని విటమిన్ సి క్లోరిన్‌ను విరిచేస్తుంది. వాసన పోయింది, దాంతోపాటు మందూ పోయింది. అక్క ఆ సీసా కూడా పారబోసింది.

ఇక దేఉరాలి. 3,200 మీటర్ల ఎత్తు. చెప్పాల్సినదంతా అక్కడే జరిగింది.

చీకటి పడేసరికి చేరాం. ముగ్గురికీ ఒకే గది, 900 రూపాయలు. పరుపు తడిగా ఉంది, తలుపుకు గడియ లేదు, బావగారి సంచి అడ్డం పెట్టుకున్నాం. ఫిల్టరు పితికే ఓపిక లేక నేను వంటగది కిటికీ దగ్గరికి వెళ్లి, దారిలో నేర్చుకున్న రెండు నేపాలీ మాటలు దర్పంగా వాడాను: "తాతో పానీ." వేడినీళ్లని అర్థం. లీటరు 220. పొగలు కక్కుతూ ఇచ్చారు. సీసా పట్టుకుంటే చేయి కాలింది. ఇంతకన్నా ఏం కావాలనుకొని మూడు గ్లాసులు తాగాను.

రెండో లీటరుకు అక్క వెళ్లింది. అక్కకు వంటగది కనిపిస్తే లోపలికి తొంగి చూడకుండా ఉండలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొయ్యి అంచున, మంటకు దూరంగా, మసిబారిన పెద్ద డేగిసా. కుర్రాడు అందులోంచి చెంబుతో నీళ్లు ముంచి సీసాలో పోశాడు, వెంటనే కొళాయి కింద అదే చెంబు పట్టి ఆ చన్నీళ్లు డేగిసాలో ఒంపాడు. అక్క అయిదు నిమిషాలు నిలబడి చూసిందట. ఎంత మంది అడిగినా అదే వరస, డేగిసా ఒక్కసారి కూడా తెర్లలేదు.

నేను వెళ్లి యజమానిని హిందీలో అడిగాను. లెక్కల పుస్తకం మీంచి తల ఎత్తలేదు. "మీరు తాతో పానీ అడిగారు, ఇచ్చాం. ఉమాలేకో పానీ, అంటే కాచిన నీళ్లు, వేరు. దానికి 260, గ్యాసు ఖర్చవుతుంది." తాగడానికని తెలుసు కదా అన్నాను. "ఇంతమంది తాగుతున్నారు, మీకొక్కరికే వచ్చిందా?" అని పేజీ తిప్పాడు. గ్యాసు సిలిండరు మనిషి వీపు మీద కొండెక్కుతుందని నాకూ తెలుసు, నలభై ఎక్కువ అడిగినందుకు ఏ బాధా లేదు. ముందు చెప్పకపోవడం, అడిగితే తల ఎత్తకపోవడం, అదీ మంట.

గదికి వచ్చాక అక్క అంది: "వేడినీళ్లు స్నానానికి, కాచిన నీళ్లు తాగడానికి. ఏ భాషలోనైనా అంతే కదా తమ్ముడూ." తప్పు సగం నాదే. తెలుగులో ఎప్పుడూ పొరబడని మాట నేపాలీలో పొరబడ్డాను.

ఆ కోపంలో ఫిల్టరును సంచి బయటి జేబులోనే వదిలేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే బయట బకెట్టులో నీళ్లు గడ్డకట్టాయి. ఫిల్టరు మామూలుగానే కనిపించింది. వాగు దగ్గర పితికితే నీళ్లు ధారగా వచ్చాయి, అన్ని రోజుల్లో ఎప్పుడూ రానంత ధారగా. ఎంత బాగా పనిచేస్తోందోనని మురిసిపోయాను. ఆ నీళ్లే మాఛాపుచ్ఛ్రే బేస్ క్యాంపు దాకా తాగాను.

ఇంటికి వచ్చి, మంచం మీద పడుకొని, కంపెనీ కాగితం పూర్తిగా చదివాను. ఫిల్టరు లోపల సేమ్యా కంటే సన్నటి బోలు పోగులు ఉంటాయి. ఒకసారి తడిశాక అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. లోపలి తడి గడ్డకడితే ఉబ్బి పోగులు చిట్లుతాయి. పైకి ఏమీ తెలియదు, చిట్లిన సందుల్లోంచి నీళ్లు వడకట్టకుండానే వచ్చేస్తాయి. ఆ ధార అదేనన్నమాట. గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే పారేసి కొత్తది కొనమని రాశారు, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆరో పేజీలో. డబ్బా మీద మాత్రం హిమశిఖరం బొమ్మ వేశారు.

అన్నపూర్ణ బేస్ క్యాంపు గురించి అందరూ రాస్తారు, నేను రాయను. 4,130 మీటర్లు, తెల్లవారుజామున 8,091 మీటర్ల అన్నపూర్ణ మీద ఎండ పడింది, బావగారు ఏడ్చారు. అక్కడ నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతాయి. క్రిములకు ఆ వేడి చాలు, కాకపోతే రెండు వేల మీటర్లు దాటాక మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

తిరుగు దారిలో హిమాలయ అనే మజిలీలో ఒక చిన్న లాడ్జి. ఈసారి "ఉమాలేకో" అని స్పష్టంగా అడిగాను. ఆ దీదీ మమ్మల్ని పొయ్యి పక్కనే కూర్చోబెట్టి, కెటిలు మూత ఎగిరేదాకా కాచి, మా స్టీలు సీసాల్లో పోసి, మా ఊలు మేజోళ్లు అడిగి తీసుకొని వాటిలో సీసాలు దూర్చి ఇచ్చింది. రాత్రంతా కాళ్ల దగ్గర కుంపటి, పొద్దున్నే గోరువెచ్చని మంచినీళ్లు. లీటరు 200. అక్కడ రెండు పూటలా తిన్న దాల్‌భాత్ 750, అన్నం అడిగినంత. బావగారు మాంసం సంగతి మరిచిపోయారు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నా మాట ఇది. ఫిల్టరు తీసుకెళ్లండి, కానీ దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి రాత్రిళ్లు రజాయిలో పక్కన పడుకోబెట్టుకోండి. తడిగా ఉన్నప్పుడు ఊదితే గాలి పోకూడదు, పోతే చిట్లినట్టేనన్న పరీక్ష కొన్ని రకాలకు ఉంది, కొనేముందు అది ఉందో లేదో చూసుకోండి. ఫిల్టరు చేసిన నీళ్లలోనే క్లోరిన్ బిళ్ల వేయండి, వైరస్‌ల సంగతి అది చూసుకుంటుంది. బిళ్ల ఒక్కదాన్నే నమ్ముకోవద్దు: క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్‌కు లొంగదు, గియార్డియా కూడా చల్లటి నీళ్లలో అంత తొందరగా చావదు. అయోడిన్ బిళ్లలు థైరాయిడ్ ఉన్నవారూ గర్భిణులూ వాడకూడదు, కాబట్టి మా ఇంటికి పనికిరావు. కిరణాల పెన్ను తేట నీళ్లున్న చోటికి, వెచ్చటి ఊళ్లకు. ఫిల్టరూ క్లోరిన్ బిళ్లలూ కలిపి మోయాల్సిన బరువు వంద గ్రాములకు అటూ ఇటూ.

అక్కకు ఏమీ కాలేదు. బావగారికీ కాలేదు. నా జబ్బుకు కారణం లాడ్జీ కాదు, ఫిల్టరూ కాదు, వెళ్లేటప్పుడు గోరఖ్‌పూర్ స్టేషన్ బయట నేను తిన్న రెండు ప్లేట్ల పానీపూరీ అని ఆయన వాదన. తారీఖులు లెక్క వేశాను. కాదనడానికి వీల్లేకుండా ఉంది.