టీ-ట్రాక్ మాడ్యూళ్ళకు 6 ఎం.ఎం. ప్లై, ఫోమ్ పెట్టెలు: ఏళ్ళ తరబడి వాడాక

టీ-ట్రాక్ అంటే చిన్న పెట్టెల మీద పట్టాలు వేసి, బల్ల మీద పక్కపక్కన కలిపే మోడల్ రైళ్ళ పద్ధతి, ఆ ఒక్కో పెట్టే ఒక మాడ్యూల్. ఎన్-స్కేల్ (చిన్న సైజు మోడల్ రైళ్ళ) టీ-ట్రాక్ మాడ్యూళ్ళకు చాలామంది 12 ఎం.ఎం. ప్లైతో పెట్టె కొట్టించేస్తారు. గట్టిగానే ఉంటుంది. కానీ 618 ఎం.ఎం. పొడవున్న డబుల్ మాడ్యూల్ పట్టాలూ దృశ్యాలూ లేకుండానే రెండున్నర కిలోల దాకా తూగుతుంది. అవే కొలతలకు 6 ఎం.ఎం. ప్లై చట్రం, మధ్యలో 25 ఎం.ఎం. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్) ఫోమ్ పలక పెడితే బోల్టులతో కలిపి 900 గ్రాములు దాటదు. ఎన్నో ప్రదర్శనలకు మోసుకెళ్ళి, ఎండా వానా చూసిన ఈ పెట్టెలు ఇప్పటికీ సూటిగా ఉన్నాయి. బరువు తగ్గించాల్సింది పైపలకలోనే. చివరి పలకల్లోనూ మూలల్లోనూ పిసినారితనం చేస్తే పెట్టె మెలితిరుగుతుంది.

ముందు ఫోమ్ సంగతి. తెల్లటి గుళికల థర్మాకోల్ దీనికి పనికిరాదు. కోసిన చోటల్లా గుళికలు రాలి, పట్టాల మీదికీ ఇంజను చక్రాల్లోకీ చేరతాయి. కావలసింది మేడకప్పులకు వేడి ఆపడానికి వాడే గట్టి ఎక్స్‌పీఎస్ పలక. ప్లై మెరైన్ గ్రేడుదైతే మేలు. మామూలు గ్రేడుదైతే బిగించే ముందే రెండు ముఖాలకూ, కోసిన అంచులకూ రంగు వేయాలి. ఒక ముఖానికే వేస్తే తేమ రెండో వైపు నుంచి ఎక్కి పలక విల్లులా వంగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఒక్క వానాకాలం చాలు.

310 ఎం.ఎం. లోతున్న డబుల్ మాడ్యూల్‌కు కోతలు ఇవి: ముందు, వెనక పలకలు 618 × 60, రెండు, చివరి పలకలు 298 × 60, రెండు, మధ్య అడ్డపట్టీ 298 × 35, ఒకటి, మూలలకు 25 × 25 × 35 చెక్క దిమ్మెలు, నాలుగు. చట్రం అతికించి, జిగురు ఆరకముందే రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 691 ఎం.ఎం. రావాలి. మూలమట్టం ఒక్కదాన్నే నమ్ముకుంటే సరిపోదు. అర మిల్లీమీటరు తేడా పక్క మాడ్యూల్‌తో కలిపేటప్పుడు పట్టాల మధ్య సందుగా బయటపడుతుంది.

ఫోమ్‌ను 606 × 298 కొలతకు బిర్రుగా కోయకండి. ఎక్స్‌పీఎస్ వేడికి చెక్క కంటే చాలా ఎక్కువ సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు ఈ పొడవులో సుమారు 0.8 ఎం.ఎం. పెరిగి, చివరి పలకల్ని బయటికి తోస్తుంది. టీ-ట్రాక్‌లో పట్టాలు పెట్టె కంటే ఒక్కో చివర 1 ఎం.ఎం. మాత్రమే బయటికి ఉంటాయి కాబట్టి ఆ తోపుడు నేరుగా కీళ్ళ మీద పడుతుంది. అందుకని 604 × 296 కోసి, చుట్టూ మిగిలిన సందులో సాగే యాక్రిలిక్ సీలెంట్ నింపాలి.

జిగురు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. సన్‌మైకా అంటించే పసుపు గమ్ములోని ద్రావకం ఫోమ్‌ను కరిగించేస్తుంది. తెల్ల జిగురు ప్లైకి ప్లై అతకడానికి బంగారం లాంటిది, కానీ ఫోమ్ కింద గాలి ఆడక వారమైనా తడిగానే ఉంటుంది. పాలీయురేథేన్ జిగురు సరైనది. ప్లై వైపు కాస్త తడి చేసి, ఫోమ్ పైకి లేవకుండా రాత్రంతా బరువు పెట్టాలి, ఎందుకంటే అది ఆరుతూ పొంగుతుంది.

పట్టాలను నేరుగా ఫోమ్ మీద అంటించవద్దు. మాడ్యూళ్ళను విడదీసే ప్రతిసారీ కీలు దగ్గర లాగుడు పడుతుంది, ఫోమ్ పైపొర ఊడొస్తుంది. 4 ఎం.ఎం. ప్లైతో 618 × 75 పట్టీ కోసి, ముందు అంచు నుంచి 30 ఎం.ఎం. వదిలి, రెండు చివరి పలకల మీద ఆనేలా అతికించండి. దాని మీద కాటో యూనిట్రాక్ (కింద ప్లాస్టిక్ బెడ్డుతో కలిసి వచ్చే రెడీమేడ్ పట్టాలు) ఒక్కో లైనుకు 248 + 186 + 186, మొత్తం 620 ఎం.ఎం. లైన్ల మధ్య దూరం 33, ముందు లైను బెడ్డు అంచు పెట్టె అంచుకు 38 ఎం.ఎం. దూరంలో ఉండాలి. అక్కడక్కడా సీలెంట్ చుక్కలు చాలు, తర్వాత పలుచని కత్తితో లేపుకోవచ్చు.

కాళ్ళకు తల కిందికి వచ్చేలా 50 ఎం.ఎం. పొడవు ఎం6 బోల్టులు, టీ-నట్లు (చెక్కలో కొట్టే, బిళ్ళ ఉన్న నట్లు). టీ-నట్టు బిళ్ళ దిమ్మె కింది ముఖానికే ఉండాలి. పైన కొడితే పెట్టె బరువుకు బోల్టు దాన్ని కొద్దికొద్దిగా పైకి తోసి వదులు చేస్తుంది. బోల్టు కొనకు హాక్సా బ్లేడుతో గాడి కోసి, ఫోమ్‌లో నిలువుగా 8 ఎం.ఎం. రంధ్రం పెడితే స్క్రూడ్రైవరుతో పైనుంచే ఎత్తు సరిచేసుకోవచ్చు. రసమట్టం పట్టాల మీద పెట్టి, బల్ల నుంచి 70 – 100 ఎం.ఎం. మధ్య ఎక్కడైనా నిలపవచ్చు. వరుస మధ్యలో మాడ్యూల్‌ను ఎత్తకుండా సర్దగలగడం ఎంత సుఖమో వాడితేనే తెలుస్తుంది.

వైరింగుకు ఫోమ్ అడుగున వేడి తీగతో గాడి తీయడం సులువు. ఆ పొగ పీల్చకండి, కిటికీ తెరిచి చేయండి. ముందు పట్టా నుంచి వెనక్కి వైర్ల రంగులు నీలం, తెలుపు, తెలుపు, నీలం వరుస తప్పకూడదు.

ఇక లోపాలు. వెనక అంచున ఫోమ్ వేలి ఒత్తుడుకే సొట్ట పడుతుంది. ఆ అంచు మీద సన్న బీడింగు వేయడం అవసరం. పెట్టె మరీ తేలిక కావడంతో వైరు తగిలినా జరుగుతుంది, బోల్టు తలలకు రబ్బరు బిళ్ళలు అంటిస్తే నిలకడ వస్తుంది. కొండలకు ప్లాస్టర్ వాడితే ఆదా చేసిన బరువంతా తిరిగొస్తుంది. మిగిలిన ఫోమ్ ముక్కలే చెక్కి, యాక్రిలిక్ రంగు పూయండి. మే నెల ఎండలో మూసిన కారులో మాత్రం ఈ పెట్టెల్ని వదలకూడదు. 75 డిగ్రీల దగ్గర ఎక్స్‌పీఎస్ మెత్తబడుతుంది, అద్దం వెనక నల్లరంగు పూసిన ఉపరితలం ఆ వేడికి చేరువయ్యే ప్రమాదం ఉంది.

హెచ్ఓ స్కేల్ (ఎన్ కంటే పెద్ద సైజు) ఫ్రీ-మో అనే మరో మాడ్యూల్ పద్ధతికి ఇదే విధానం యథాతథంగా సరిపోదు. అక్కడ మాడ్యూళ్ళను చివరి పలకల దగ్గరే క్లాంపులతో బిగిస్తారు కాబట్టి వాటికి 18 ఎం.ఎం. ప్లై వేసి, ఫోమ్‌ను మధ్య భాగానికే పరిమితం చేయాలి.