బ్రిటన్ నుంచి యూరప్‌కి బైకు: నడుపుకుంటూ వెళ్తే ఒక లెక్క, లారీ ఎక్కిస్తే ఇంకో లెక్క

సొంతదారు నంబరు ప్లేటున్న బైకును నడుపుకుంటూ ఫ్రాన్స్‌లోని కాలే రేవులో దిగితే కస్టమ్స్ వాళ్లకి అది వాహనం. అదే బైకు, సొంతదారు వెంట లేకుండా, ఇంకొకరి లారీలో బెల్టులు బిగించుకుని దిగితే అది సరుకు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) కస్టమ్స్ నుంచి బయటికొచ్చిన 2021 జనవరి 1కి ముందు ఈ తేడాతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు కాగితాలూ ఖర్చూ అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. అందుకే టికెట్ కొనేముందే మీ బైకు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి.

నడుపుకుంటూ వెళ్లేవాళ్లకి పని తేలిక. బ్రిటన్‌లో ఉండేవారు అక్కడ రిజిస్టరైన సొంత బైకును ఈయూలో 6 నెలల దాకా తిప్పుకోవచ్చు. ఫారం లేదు, సుంకం లేదు, సరిహద్దు దాటడమే డిక్లరేషన్ కింద లెక్క. వీ5సీ లాగ్‌బుక్ (బ్రిటన్ రిజిస్ట్రేషన్ పత్రం) అసలు ప్రతి, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, ఫొటో ఉన్న లైసెన్స్ దగ్గర ఉండాలి. అద్దెకో లీజుకో తీసుకున్న బైకైతే వీ5సీ బదులు వీఈ103 కావాలి. విదేశంలో ఇన్సూరెన్స్ ఉందని చూపే గ్రీన్ కార్డ్ అవసరం 2021 ఆగస్టులో పోయింది. కానీ మీ పాలసీ విదేశంలో ఎన్ని రోజులు పూర్తి కవర్ ఇస్తుందో చూసుకోండి, కొన్ని పాలసీలు అక్కడ థర్డ్ పార్టీకే పరిమితమవుతాయి. బండి ఏ దేశానిదో చెప్పే పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ 28 నుంచి చెల్లదు. స్పెయిన్‌లో అయితే ప్లేటు మీద యూకే గుర్తు ఉన్నా సరే, వెనక యూకే స్టిక్కర్ విడిగా అంటించాల్సిందే. సీబీటీ (ప్రాథమిక శిక్షణ సర్టిఫికెట్) మీద, నేర్చుకునేవాళ్ల ఎల్ ప్లేటుతో 125 సీసీ నడిపేవాళ్లు మాత్రం ఆశ వదులుకోవాలి, అది బ్రిటన్ బయట చెల్లదు.

లండన్‌లోనో స్లౌలోనో ఉంటూ ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉన్న మన వాళ్లకి షెంగెన్ వీసా తప్పదు, ఫీజు 90 యూరోలు. బ్రిటిష్ పాస్‌పోర్టుకైతే 180 రోజుల్లో 90 రోజులే. బైకుకి 6 నెలలు, మనిషికి 90 రోజులు అన్నమాట. బైకును అక్కడే వదిలి మధ్యలో ఇంటికొచ్చి వెళ్దామనుకునేవాళ్లు ఈ రెండు గడువులనూ వేరువేరుగా లెక్కపెట్టుకోవాలి. 2025 అక్టోబర్ నుంచి వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త విధానం మొదలైంది. డోవర్‌లో, ఫోక్‌స్టోన్‌లో ఈ పని ఫ్రెంచ్ పోలీసులు బ్రిటన్ గడ్డ మీదే, బండి ఎక్కకముందే చేస్తారు కాబట్టి సమయం చేతిలో ఉంచుకోండి.

దాటడానికి మూడు దారులు. ఫోక్‌స్టోన్ నుంచి సముద్రం కింద టన్నెల్ రైలు 35 నిమిషాలు. బైకును సైడ్ స్టాండ్ మీద గేరులో వదిలి, పక్కనే ఉండాలి. డోవర్–కాలే ఫెర్రీ గంటన్నర. బైకును కట్టేస్తారు, కానీ సీటు మీద బెల్టు వేసే చోట గుడ్డ పెట్టారో లేదో మీరే చూసుకోవాలి. స్పెయిన్ వెళ్లేవాళ్లకి మా ఓటు పోర్ట్స్‌మత్–శాంటాండర్ ఓడకే. ప్రయాణం సుమారు 30 గంటలు, టికెట్ ఎక్కువ. కానీ కాలే నుంచి 1,200 కిలోమీటర్ల పెట్రోలు, టోల్, రెండు రాత్రుల హోటల్, వెనక టైరు అరుగుదల కలిపి చూస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. శాంటాండర్ రేవు ఊరి నడిబొడ్డునే ఉంటుంది, సాయంత్రం దిగినా బస దగ్గర్లోనే దొరుకుతుంది. బిల్బావో ఓడ అలా కాదు, ఊరికి దూరంగా జియెర్బెనాలో దింపుతుంది. శాంటాండర్‌లో దిగిన మర్నాడు లా ఎర్మిదా లోయ గుండా పోతెస్ అనే ఊరు చేరితే, అక్కడ రెండు మూడు రోజులు మకాం పెట్టి చుట్టూ కొండదారులు తిరగొచ్చు. గది బుక్ చేసేటప్పుడు 'పార్కింగ్ ఉందా' అని కాదు, 'తాళం వేసే గ్యారేజీ ఉందా' అని అడగండి.

ఇక లారీలో పంపి, మీరు విమానంలో వెళ్లి అందుకునే పద్ధతి. కొటేషన్‌లో మొత్తం చూసి మురిసిపోవద్దు. బైకును ఏ కస్టమ్స్ పద్ధతిలో దాటిస్తారు, సుంకానికి పూచీకత్తు ఎవరిది, తనిఖీలో లారీ ఆగిపోతే ఆ ఖర్చు ఎవరిది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. కాగితం తప్పితే ఏమవుతుందో లెక్క చూడండి: 10,000 యూరోల బైకుకి స్పెయిన్‌లో 250 సీసీ పైబడితే సుంకం 6 శాతం, అంటే 600. ఆ 10,600 మీద 21 శాతం వ్యాట్, 2,226. మొత్తం 2,826 యూరోలు. బ్రిటన్‌తో సుంకం లేని ఒప్పందం ఉంది కదా అంటారు. అది బ్రిటన్‌లో తయారైన వాటికే. జపాన్ బైకుకి వర్తించదు. ట్రయంఫ్ కూడా చాలా మోడళ్లు థాయ్‌లాండ్‌లోనే తయారు చేస్తుంది.

ప్లేటు లేని ట్రాక్ బైకును వ్యానులో స్పెయిన్‌లోని హెరెస్ ట్రాక్‌కో పోర్చుగల్‌లోని పోర్టిమావో ట్రాక్‌కో తీసుకెళ్లేవాళ్లకి మామూలు దారి ఏటీఏ కార్నే, అంటే తాత్కాలికంగా తీసుకెళ్లే వస్తువుల్ని సుంకం కట్టకుండా దాటించే కస్టమ్స్ పుస్తకం. చాంబర్ ఆఫ్ కామర్స్ ఇస్తుంది, గడువు ఏడాది. ఫీజుకి తోడు పూచీకత్తు కట్టాలి. ఆకుపచ్చ అట్ట లోపల పసుపు కాగితాలు బ్రిటన్ వదలడానికీ తిరిగి రావడానికీ, తెల్లవి ఈయూలోకి వెళ్లడానికీ బయటికి రావడానికీ. మొత్తం నాలుగు స్టాంపులు. డోవర్, టన్నెల్ దారుల్లో మొదటిది యాష్‌ఫర్డ్ దగ్గర సెవింగ్టన్‌లో వేయించుకోవాలి. మధ్యలో స్విట్జర్లాండ్ గుండా వెళ్తే అది ఈయూ కాదు కాబట్టి ఇంకో జత కాగితాలు ముందే అడగాలి.

గొడవలు వచ్చేది కార్నేలోని వస్తువుల జాబితాలోనే. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు, విడి చక్రాలు, టైర్ వార్మర్లు, జనరేటర్, స్టాండ్లు అన్నీ ఒక్కొక్క వరుసలో విలువతో సహా రాయాలి. స్పేర్ ఇంజిన్ ఎక్కించాల్సి వస్తే దాని నంబరూ ముందే జాబితాలో ఉండాలి. పెట్రోలు, ఆయిల్ వంటి ఖర్చైపోయేవి రాయకూడదు. 4 టైర్లు రాస్తే 4 టైర్లూ వెనక్కి రావాలి. అరిగిపోయాయని ట్రాక్ దగ్గరే పారేస్తే, అవి ఈయూలో అమ్మేసినట్టే లెక్కగట్టి సుంకం అడుగుతారు. అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది ఈయూ వదిలేటప్పుడు వేయించుకోవాల్సిన మూడో స్టాంపు. తిరుగు ప్రయాణంలో రాత్రిపూట కాలేలో ఎవరూ ఆపలేదు కదా అని ఓడెక్కేస్తారు. నెలల తర్వాత చాంబర్ నుంచి క్లెయిమ్ నోటీసు వస్తుంది. ఎవరూ ఆపకపోయినా కస్టమ్స్ కిటికీ వెతుక్కుని మీరే వెళ్లాలి.

తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొన్న వస్తువులకి 390 పౌండ్ల వరకే మినహాయింపు. 600 పౌండ్ల ఎగ్జాస్ట్ కొంటే మిగతా 210 మీద కాదు, మొత్తం 600 మీదా పన్ను పడుతుంది. సామాన్ల పెట్టెలో తిండి పెట్టుకునేవాళ్లు కూడా చూసుకోండి: బ్రిటన్ నుంచి ఈయూలోకి మాంసం, పాల పదార్థాలు నిషేధం. ఆవకాయ ఫరవాలేదు. చికెన్ పచ్చడి, నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.