పాత అమరోనే కొనేవారికి హెచ్చరిక: సీసా మీది సంవత్సరాన్ని చూసి మాత్రమే డబ్బు చెల్లించకండి

ఐరోపాలో ఉంటూ ఇటలీ రెడ్ వైన్లను ఇష్టపడే తెలుగువారు, ముఖ్యంగా పాత సంవత్సరాల సీసాల కోసం ఆన్‌లైన్‌లో వెతికేవారు, ఈ వేసవిలో నాకు ఎదురైన అనుభవాన్ని చదివిన తరువాతే ఆర్డరు పెట్టవలసిందిగా కోరుతున్నాను. మా పెళ్ళి 2012లో జరిగింది. ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన అమరోనే క్లాసికో అనే ఇటలీ రెడ్ వైన్ సీసాలు, ఒక్కొక్కటి 95 యూరోల చొప్పున, ఒక చిన్న విక్రేత దగ్గర కనిపించాయి. మొదటి నుంచీ చల్లని నేలమాళిగలోనే భద్రపరిచామని వివరణలో రాసి ఉండడంతో మూడు సీసాలు తెప్పించుకున్నాను. అవి మ్యూనిక్‌లోని మా ఇంటికి జూలై మూడో వారంలో, ఎండ మండిపోతున్న రోజున, మామూలు కొరియర్ బండిలో వచ్చాయి.

పెట్టె విప్పగానే రెండు సీసాల్లో బిరడా పైకి ఉబ్బి, మూతి మీది రేకును నెట్టుకొచ్చినట్టు కనిపించింది. ఒకదాని మెడ చుట్టూ కారి ఎండిపోయిన జిగురు మరక ఉంది. అది ఆ రోజు ప్రయాణంలో ఏర్పడిన తడి కాదు, ఎప్పుడో గట్టిపడిన మరక. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను తోస్తుంది, చల్లబడినప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి చొరబడుతుంది. ఇదంతా తెలిసి కూడా, పెళ్ళిరోజు ముచ్చట కొద్దీ, చూడడానికి బాగానే ఉన్న మూడో సీసాను ఆ సాయంత్రం తెరిచాను. అడుగంటిన బెల్లం పాకం వాసన వచ్చింది. నోట్లో పోసుకుంటే తీపి జామ్ లాంటి బరువు తప్ప, నాలుకను మేల్కొలిపే పులుపు ఏ కోశానా లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం విక్రేత ఇచ్చిన జవాబు: "అమరోనేలో ఎండుఫలాల వాసన సహజం, మీకు ఈ శైలి అలవాటు లేదు." మొదటిసారి కొనేవారెవరైనా ఈ మాట నమ్మి ఊరుకుంటారు, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది.

అమరోనే వెరోనా నగరానికి ఉత్తరాన, లెస్సీని కొండల పాదాల దగ్గర ఉన్న వల్పొలిచెల్లా ప్రాంతపు వైన్. సీసా మీద క్లాసికో అని ఉంటే ద్రాక్ష నెగ్రార్, మరానో, ఫుమానె, సాంత్ అంబ్రోజో, సాన్ పియెత్రో ఇన్ కరియానో అనే ఐదు మండలాల్లో పండినదని అర్థం. ప్రధానంగా కొర్వీనా, దానితోపాటు కొర్వినోనె, రొండినెల్లా రకాలను కోసి, గాలి ఆడే గదుల్లో తడికల మీదనో ట్రేలలోనో దాదాపు మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. మన కళ్ళాల్లో మిరపకాయల్లా ఎండలో కాదు, నీడలోనే. గుత్తుల బరువులో సుమారు మూడో వంతు పోయి, చక్కెర, రుచి చిక్కబడిన తరువాత పిండి పులియబెడతారు. చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి పదిహేను శాతం ఆల్కహాల్ సాధారణం. నిబంధన ప్రకారం కనీసం రెండేళ్ళు, సీసా మీద రిజెర్వా అని ఉంటే నాలుగేళ్ళు మాగిన తరువాతే అమ్మకానికి వస్తుంది. చేదు అనే అర్థమున్న ఇటాలియన్ మాట అమారో నుంచి దీనికి పేరు వచ్చింది, ఎందుకంటే ఇదే పద్ధతిలో చేసే "రెచొతో" అనే వైన్ తియ్యగా ఉంటుంది, ఇది ఉండదు.

అందువల్ల ఎండుద్రాక్ష, ఎండు చెర్రీ, కోకో వాసనలు ఇందులో లోపం కావు, గుణమే. చిక్కంతా అక్కడే ఉంది. వేరే రెడ్ వైన్‌లో ఉడికిన పండు వాసన వస్తే వెంటనే అనుమానిస్తాము, అమరోనేలో మాత్రం వేడికి చెడిపోయిన రుచి దాని సహజ రుచి చాటున దాక్కుంటుంది. తేడాను పట్టి ఇచ్చేది పులుపు. కొర్వీనాకు పుల్లని చెర్రీ గుణం పుట్టుకతోనే ఉంది. బాగా భద్రపరిచిన సీసా పదిహేను ఇరవై ఏళ్ళ తరువాత కూడా, ఎంత చిక్కగా ఉన్నా, ఆ పులుపుతో నోటిని తేటపరుస్తుంది. వేడికి ఉడికిన సీసాలో ఆ తేటదనం చచ్చి, పాకం మాత్రమే మిగులుతుంది.

అదే విక్రేత చేసిన రెండో పని కూడా చెప్పాలి. మూడు సీసాలు కొన్నందుకు "చిన్న అమరోనే" అంటూ ఒక సీసా కానుకగా పంపారు. దాని మీద అమరోనే అనే మాటే లేదు, "అప్పస్సిమెంతో" అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. అది ద్రాక్షను ఆరబెట్టే పద్ధతి పేరే కాని ప్రాంతం పేరు కాదు, దక్షిణాన ఉన్న పూల్యా వైన్ల మీద కూడా అదే మాట కనిపిస్తుంది. రిపాస్సో సంగతి వేరు. వల్పొలిచెల్లా వైన్‌ను అమరోనే పిప్పి మీద మరోసారి ఊరనిచ్చి చేసే ఆ వైన్ నిజాయితీ గలదే, నాకు ఇష్టమైనదే, కాని దానికి అమరోనే ధర చెల్లించనక్కరలేదు. అసలు సీసా మీద "అమరోనే దెల్లా వల్పొలిచెల్లా" అని పూర్తి పేరు ఉండాలి. 2010లో దీనికి ఇటలీలో వైన్లకు ఇచ్చే అత్యున్నత హోదా అయిన డీఓసీజీ లభించింది కాబట్టి, ఆ తరువాతి సంవత్సరాల సీసాల మూతి దగ్గర వరుస సంఖ్యతో ప్రభుత్వ ముద్ర పట్టీ కూడా ఉంటుంది. నా మూడు సీసాలకూ ఆ పట్టీ ఉందని న్యాయంగా ఒప్పుకోవాలి. అవి నకిలీవి కావు, నిర్లక్ష్యంగా దాచినవి. ప్రభుత్వ పట్టీ పుట్టుకను చెబుతుందే తప్ప, సీసా పదేళ్ళు ఎక్కడ గడిపిందో చెప్పదు.

కాబట్టి చెల్లించే ముందు, ఆ సీసాదే ఫొటో అడగండి. నమూనా ఫొటో పంపితే అక్కడితో ఆపేయండి. మెడ, బిరడా పై రేకు, వెలుతురుకు ఎదురుగా పెట్టినప్పుడు లోపలి వైన్ మట్టం స్పష్టంగా కనిపించాలి. అదే వయసు సీసాలలో ఒకదాని మట్టం మిగతావాటికంటే బాగా దిగి ఉంటే వదిలేయండి. ఎవరి నుంచి, ఎప్పుడు కొన్నారో రాతపూర్వకంగా అడగండి. ఎండాకాలంలో మాత్రం ఎంత చౌకగా వచ్చినా తెప్పించుకోకండి, అక్టోబరు దాకా ఆగండి. నేను ఆగలేదు.

ఐరోపా సమాఖ్యలో ఆన్‌లైన్ కొనుగోళ్ళను 14 రోజుల్లోగా వెనక్కి తీసుకునే హక్కు ఉన్నందున, తెరవని రెండు సీసాలను ఫొటోలతో సహా తిప్పి పంపి 190 యూరోలు రాబట్టుకోగలిగాను. తెరిచిన సీసా డబ్బు మాత్రం రాలేదు. అందుకే బిరడా ఉబ్బి ఉన్న పెట్టె వస్తే, దానితోపాటు వచ్చిన ఏ సీసానూ ఆశకొద్దీ తెరవకండి. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. నేను తిప్పి పంపిన వారం తరువాత, వారి జాబితాలో 2012 సీసాలు రెండు, అదే ధరకు, అదే నేలమాళిగ వివరణతో మళ్ళీ కనిపించాయి.