పదేళ్లు వాడిన విమాన టికెట్ల సైటు: రంగులేశారు, పనికొచ్చేవి పీకేశారు

మాది కూకట్‌పల్లి, అమ్మానాన్నలు విశాఖలో ఉంటారు. ఏడాదికి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరుగుడే, రైల్లో దొరక్కపోతే విమానం. అలా ఒక విమాన సంస్థ సొంత సైటును పదేళ్లకు పైగా వాడుతున్నాను. పేరెందుకులెండి.

మొదట్లో చూడ్డానికి కిరాణా కొట్టు పద్దుల పుస్తకంలా ఉండేది కానీ పని అయిపోయేది. నెల మొత్తం ధరలు ఒకే పట్టికలో కనిపించేవి. మంగళవారం ఎంత, శుక్రవారం ఎంత అని నాన్నకు ఫోన్లో చదివి వినిపించి తేదీ ఖాయం చేసేవాణ్ణి. ఇప్పుడు వారం రోజుల ధరలే ఒక వరసలో వస్తాయి, పక్కకు జరిపినప్పుడల్లా చక్రం తిరుగుతుంది, వెనక్కొస్తే మళ్లీ మొదటికి.

నాకు అసలు కడుపు మండింది ప్రయాణికుల జాబితా తీసేసినందుకు. ఇంట్లో అయిదుగురి పేర్లు ఒకసారి ఎక్కిస్తే ఉండిపోయేవి, టిక్ పెడితే చాలు. ఒకరోజు లాగిన్ అయి చూస్తే ఖాళీ. ముందుగా ఒక మెయిల్ కూడా లేదు. ఇప్పుడు ప్రతిసారీ అన్నీ కొట్టాలి, తెలుగువాళ్ల పేర్లతో ఆ సుఖం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే. సైటేమో చివరి పేరు గడిలో ఒక్క అక్షరం వేస్తే ఒప్పుకోదు, పూర్తిగా వేద్దామంటే ఆధార్‌తో కలవదేమోనని టెన్షన్. సంక్రాంతికి ఈ గందరగోళంలోనే అమ్మ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. బుక్ చేసిన 24 గంటల్లోపు చెబితే అదే మనిషి పేరులో తప్పు దిద్దడానికి డబ్బు తీసుకోకూడదని విమాన సంస్థల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ నిబంధన ఉంది, మునుపైతే సైట్లోనే దిద్దుకునే బటన్ కూడా ఉండేది. అదీ పోయింది. చాట్‌బాట్‌ను అడిగితే "ప్రయాణ తేదీ మార్చాలా?" అంటుంది, కాదంటే మళ్లీ అదే ప్రశ్న. ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. చివరికి ఒకావిడ ఎత్తి రెండు నిమిషాల్లో దిద్దేసింది, పాపం ఆమె తప్పేం లేదు.

సీట్ల సంగతి సరేసరి. మధ్య సీట్లయినా ఊరికే ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ప్రతిదానికీ రేటు, "సీటు వద్దు" అనే మాట అడుగున బూడిద రంగులో చీమ తలకాయంత. పన్నెండేళ్లలోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటివ్వాలని 2024లో డీజీసీఏ చెప్పింది. డబ్బు కట్టించుకునే పేజీలో ఆ ముక్క నాకెక్కడా కనపడలేదు, తెలియక మావాడి సీటుకు కట్టేశాను. పైగా కన్వీనియన్స్ ఫీజు. మా ఇంట్లో, నా కంప్యూటర్ మీద, నా కరెంటుతో నేనే టైప్ చేసుకుంటుంటే కన్వీనియన్స్ ఎవరికండీ? రద్దు చేసుకుంటే అది తిరిగి రాదు కూడా.

మంచి లేదని కాదు. వెబ్ చెకిన్ చకచకా అయిపోతుంది, శంషాబాద్‌కు బస్సులో వెళ్తూ ఫోన్లోనే బోర్డింగ్ పాస్ తీసుకుంటాను. ఒకసారి రద్దు చేస్తే మిగతా డబ్బు వారంలోపే కార్డులో పడింది. మధ్యలో ఏజెంటు లేకపోవడం వల్ల ఆ ఒక్క లాభం ఉంది, అందుకే ఇంకా వదల్లేదు.

ఇప్పుడు అయిదుగురి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టే ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకుని అక్కడి నుంచి కాపీ చేస్తున్నాను. దసరా టికెట్లు చేద్దామని మొన్న కూర్చుంటే, పేరు గడిలో పేస్ట్ పనిచేయడం లేదు.