‘థెల్మా అండ్ లూయీస్’ తొలిసారి చూడటానికి ఏది మేలు: థియేటరా, డిస్కా, ఓటీటీయా?

థెల్మా, లూయీస్ అనే ఇద్దరు స్నేహితురాళ్ల కారు ప్రయాణం మీద రిడ్లీ స్కాట్ తీసిన ఈ 1991 సినిమా నిడివి సుమారు 2 గంటల 10 నిమిషాలు. ఎక్కడ చూస్తే మేలని అడిగితే, చాలా ఇళ్లకు ఓటీటీ సరిపోతుంది. కాకపోతే టీవీ సెట్టింగులు సరిచేశాకే మొదలుపెట్టాలి. ఫోన్ మాత్రం వద్దు.

మొదట్లో కథంతా వంటిల్లు, హోటలు, బారు లాంటి ఇరుకు చోట్లలో నడుస్తుంది. అంతవరకు ఏ తెరైనా ఒకటే. వాళ్ల 1966 మోడల్ ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు ఊళ్లు దాటుతున్నకొద్దీ ఫ్రేములో మనుషులు చిన్నబోతారు, నేలా ఆకాశం పెరుగుతాయి. యూటా రాష్ట్రంలోని ఎర్రరాతి కొండల దగ్గరికి వచ్చేసరికి ఆరంగుళాల తెర మీద కారు కనిపించడమే కష్టం. కెమెరామన్ ఏడ్రియన్ బిడిల్ పనితనమంతా అక్కడే ఉంది.

అందుకే ఫిల్మ్ సొసైటీయో, పాత సినిమాలు వేసే థియేటరో ప్రదర్శన పెడితే మరో మాట లేకుండా వెళ్లండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక్క చిక్కుంది. అక్కడి థియేటర్లలో ఇంగ్లిష్ సినిమాకు మామూలుగా సబ్‌టైటిల్స్ వేయరు. టాపు తీసిన కారులో గాలి హోరు, పక్కన లారీల మోత, దానికి తోడు వాళ్ల సొంత రాష్ట్రం అర్కాన్సా యాస. కొన్ని మాటలు జారిపోతాయి. ఇంట్లో చూసేవాళ్లు ఇంగ్లిష్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మేలు. డబ్బింగ్ దొరికినా వద్దు, థెల్మా, లూయీస్‌లుగా నటించిన జీనా డేవిస్, సూజన్ సరాండన్ గొంతుల్లో వచ్చే మార్పు అందులో పోతుంది.

ఇక డిస్కా, ఓటీటీయా? క్రైటీరియన్ అనే అమెరికన్ డిస్కుల కంపెనీ 2023లో తెచ్చిన 4కె డిస్కు బొమ్మలో ఓటీటీ కంటే మెరుగు. తేడా ముఖ్యంగా రెండుచోట్ల తెలుస్తుంది: రాత్రిపూట లైట్లు పడిన రాతి కొండలు, పగటిపూట కార్లు లేపే దుమ్ము. దుమ్ములో ప్రతి రేణువూ కదులుతుంది కాబట్టి డేటా తక్కువైతే అది మసకమచ్చలుగా మారిపోతుంది. డిస్కు కొనేముందు మాత్రం ప్లేయర్ చూసుకోండి. మామూలు బ్లూరే ప్లేయర్‌లో 4కె డిస్కు ఆడదు. 4కె డిస్కులకు రీజియన్ గొడవ (ఒక ప్రాంతానికి చేసిన డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకపోవడం) లేదు గానీ, అమెరికాలో అమ్మే మామూలు బ్లూరేలు చాలావరకు రీజియన్ ఎ. ఇండియా రీజియన్ సి. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక్కసారి చూడటానికి ఇంత ఖర్చు అనవసరం.

ఓటీటీలో హెచ్‌డీకి గంటకు సుమారు 3 జీబీ, 4కెకి 7 జీబీ దాకా అవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెడితే హెచ్‌డీలోనే ఇంటర్వెల్ టైముకు ముందే ప్యాక్ అయిపోతుంది, బొమ్మ పాడవుతుంది. వైఫై ఉంటేనే మొదలుపెట్టండి.

టీవీలో రెండు మార్పులు తప్పనిసరి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్ అంటారు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు టీవీ తనే కొత్త ఫ్రేములు కల్పించి చేరుస్తుంది, దాంతో అది సీరియల్‌లా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. రెండోది, జూమ్ వద్దు. బొమ్మ 2.39:1 (వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు) కాబట్టి 55 అంగుళాల టీవీలో పైనా కిందా దాదాపు 9 సెంటీమీటర్ల చొప్పున నల్లపట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టాలని తెర నింపితే వెడల్పులో నాలుగో వంతు తెగిపోతుంది. మొదటి షాట్ నలుపు తెలుపులో ఉండి మెల్లగా రంగుల్లోకి వస్తుంది, అది టీవీ తప్పు కాదు.

చానల్‌లో వస్తే వదిలేయండి. కథకు మలుపు బారు బయట పార్కింగ్‌లో జరిగే అత్యాచారయత్నం. అది కోతకు గురైతే తర్వాత వాళ్లు చేసేవేవీ అర్థం కావు. మోటెల్ దృశ్యాలూ, బూతులూ ఉన్నాయి కాబట్టి పిల్లలు పడుకున్నాక పెట్టుకోవడం మంచిది.

చూసేముందు రెండు నిమిషాలు అమెరికా మ్యాప్ తెరవండి. కథ మొదలయ్యే అర్కాన్సాకు పడమర ఓక్లహోమా, దాని కింద టెక్సాస్, ఆ కింద మెక్సికో. ఓక్లహోమా నుంచి, వాళ్లు పారిపోవాలనుకునే మెక్సికోకు దగ్గరి దారి టెక్సాస్ మీదుగానే. లూయీస్ ఆ దారి వద్దంటుంది; కారణం సినిమా సూటిగా చెప్పదు, సూచిస్తుంది. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉండేవాళ్లకు ఈ మెలిక వెంటనే తట్టవచ్చు, ఇక్కడివాళ్లకు మ్యాప్ చూస్తేనే. కాలీ ఖూరీకి ఆస్కార్ తెచ్చిన స్క్రీన్‌ప్లేలో ఇలాంటి చెప్పని మాటలు చాలానే ఉన్నాయి.

సినిమా పేరు వెతికితే ముగింపు బొమ్మే ముందు కనబడుతుంది కాబట్టి గూగుల్, ట్రైలర్ జోలికి పోకుండా నేరుగా యాప్‌లో ప్లే నొక్కండి. చివర టైటిల్స్ మీద కూడా ఇద్దరి దృశ్యాలు నడుస్తుంటాయి. సరిగ్గా అప్పుడే యాప్ బొమ్మను మూలకు కుదించి మరో సినిమా చూపిస్తుంది. రిమోట్ చేతిలో ఉంచుకుని, కుదించగానే బొమ్మను ఎంచుకుని ఓకే నొక్కండి.