అమలాపురం అద్దె పుస్తకాల దుకాణంలో అట్లీ

అమలాపురంలో కాలువ గట్టునున్న ఒక చిన్న అద్దె పుస్తకాల దుకాణంలో బ్రిటన్ మాజీ ప్రధాని క్లెమెంట్ అట్లీ జీవిత చరిత్ర కావాలని అడిగితే, యజమాని వారంలో తెప్పించి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి మరీ చేతికిచ్చారు. అంత శ్రద్ధ ఈ రోజుల్లో అరుదు.

1883లో లండన్ దగ్గరి పట్నీలో సంపన్న న్యాయవాది ఇంట పుట్టిన అట్లీ, తూర్పు లండన్ పేదపిల్లల మధ్య పనిచేస్తూ సోషలిస్టుగా మారిన తీరును పుస్తకం ఓపికగా చెబుతుంది. 1928లో సైమన్ కమిషన్ సభ్యుడిగా వచ్చి మన నల్లజెండాలను ఎదుర్కొన్న ఆ మనిషే, 1945లో ప్రధాని అయ్యాక, 1948 జూన్‌లోగా భారతీయులకు అధికారం అప్పగిస్తామని 1947 ఫిబ్రవరి 20న పార్లమెంటులో ప్రకటించారు. ఆ మార్పును వివరించే అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను. బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం అందించేందుకు 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవ గురించి చదువుతున్నప్పుడు, లంక గ్రామాల రోగులను పడవ మీద గోదావరి దాటించిన మా నాన్నగారు గుర్తొచ్చారు.

చివరి రెండు పుటలు ఊడిపోయి ఉన్నాయి. ఆ సంగతి చెప్పగానే యజమాని క్షమాపణ కోరి అద్దె సగానికి తగ్గించారు. చరిత్ర పుస్తకాలకు ఇకపైనా అక్కడికే వెళతాను.