నొక్కితే ఎస్సెమ్మెస్: ఈఎస్‌పీ32 వైర్‌లెస్ బటన్, రెండేళ్ల వాడకం తర్వాత

మంచం పక్కన గోడకు ఒక బటన్. నొక్కితే ఇంట్లోవాళ్ల మూడు ఫోన్లకు మెసేజి వెళ్లాలి. అంతే పని. ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న చిప్) వైఫై ఎక్కి, 8883 పోర్టులో ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న కబుర్లు పంపుకునే పద్ధతి) ద్వారా అమెజాన్ క్లౌడ్‌లోని ఏడబ్ల్యూఎస్ ఐఓటీ కోర్‌కు (ముంబై రీజియన్) కబురు పంపుతుంది. అక్కడి రూల్ లాంబ్డాను (పిలిచినప్పుడే క్లౌడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) లేపుతుంది, లాంబ్డా ఎస్ఎన్ఎస్ (అమెజాన్ మెసేజి సర్వీసు) ద్వారా ఎస్సెమ్మెస్ పంపిస్తుంది. ఇలాంటి రెడీమేడ్ బటన్ల కోసం నడిపిన ఐఓటీ 1-క్లిక్ సర్వీసును అమెజాన్ 2024 డిసెంబరులో ఆపేసింది. దానికి కట్టిన పాత బటన్ చవగ్గా వచ్చినా కొనకండి.

బ్యాటరీ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చిప్ డీప్ స్లీప్‌లో (దాదాపు అంతా ఆపేసి నిద్రపోయే స్థితి) తీసుకునేది 10 మైక్రోయాంప్స్ చుట్టూ. కానీ డెవ్ బోర్డు (చిప్‌ను బిగించి అమ్మే ప్రయోగాల బోర్డు) మీది యూఎస్‌బీ చిప్, ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజిని 3.3కి దించేది), ఎర్ర ఎల్ఈడీ కలిసి 10 మిల్లీయాంప్స్ దాకా తాగేస్తాయి. 2600 ఎంఏహెచ్ 18650 సెల్ పదకొండు రోజుల్లో ఖాళీ. అందుకే విడి మాడ్యూల్ కొని ఎంఈ6211 రెగ్యులేటర్ పెట్టాలి. హెచ్‌టీ7333 ఇంకా తక్కువ తాగుతుంది గానీ అది ఇచ్చేది 250 మిల్లీయాంప్సే. వైఫై మొదలవగానే వోల్టేజి పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. ఏ రెగ్యులేటరైనా 3.3 వోల్టుల లైనుకు 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ తప్పనిసరి.

బటన్‌ను చిప్ పిన్ జీపీఐఓ 33కి, గ్రౌండ్‌కి మధ్య కలిపి, 10 కిలోఓమ్స్ పుల్-అప్ (నొక్కనప్పుడు పిన్‌ను 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) బయట పెట్టాను. ఇక్కడొక మెలిక ఉంది. ఈఎక్స్‌టీ0 వేకప్ (ఒక పిన్‌తో చిప్‌ను నిద్రలేపే పద్ధతి) చూసేది బటన్ నొక్కిన క్షణాన్ని కాదు, పిన్ లెవెల్‌ని. పెద్దవాళ్లు వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే చిప్ నిద్రపోయిన మరుక్షణమే మళ్లీ లేస్తుంది, మెసేజి మీద మెసేజి. కాబట్టి వేలు తీసేదాకా ఆగి, ఆ తర్వాతే నిద్రపుచ్చాలి. ఆ ఆగడానికీ 30 సెకన్ల హద్దు పెట్టి, అది దాటితే బటన్ వేకప్ ఆపేసి టైమర్‌తో మాత్రమే లేచేలా చేయాలి. లేకపోతే మంచం జరిగి బటన్‌కు ఆనుకుంటే సెల్ త్వరగా అయిపోతుంది. డబుల్ మెసేజికి ఇంకో కారణం లాంబ్డా: రూల్ పిలిచినప్పుడు ఎర్రర్ వస్తే అది తనంతట తానే ఇంకో రెండుసార్లు ప్రయత్నిస్తుంది. మూడో నంబరు దగ్గర తప్పితే మొదటి ఇద్దరికీ మళ్లీ వెళ్తుంది. ప్రతి నొక్కుడికీ ఒక ఐడీ పెట్టి, ఏ నంబరుకు వెళ్లిందో డైనమోడీబీలో (అమెజాన్ డేటాబేస్) రాసుకుంటే ఇది పోతుంది.

మెసేజి వెళ్లిందని చెప్పే పచ్చ లైటు అబద్ధం చెప్పకూడదు. ఈఎస్‌పీ32లో ఎంక్యూటీటీకి వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ క్యూఓఎస్ 0తోనే (అందిందన్న రసీదు అడగని స్థాయి) పంపుతుంది. అది ఇచ్చే 'ట్రూ'కి సాకెట్‌లో రాశాననే తప్ప చేరిందని అర్థం కాదు. లాంబ్డా పని ముగించాక వేరే టాపిక్‌లో (ఎంక్యూటీటీ కబురుకు చిరునామా లాంటిది) జవాబు పంపాలి, అది అందాకే లైటు వెలగాలి. అప్పటికీ ఎస్ఎన్ఎస్ మెసేజిని తీసుకుందనే తెలుస్తుంది. ఫోనుకు చేరిందో లేదో చూడాలంటే డెలివరీ స్టేటస్ లాగ్స్ విడిగా ఆన్ చేసుకోవాలి.

వేగం కోసం రూటర్ బీఎస్ఎస్ఐడీ (దాని వైఫై గుర్తింపు నంబరు), ఛానల్ ఆర్‌టీసీ మెమరీలో (డీప్ స్లీప్‌లోనూ చెరగనిది) దాచి, స్టాటిక్ ఐపీ ఇస్తే వైఫై ఎక్కడానికి నాలుగైదు సెకన్లు పట్టేది ఒకటికి దిగుతుంది. కరెంటు పోయి వచ్చాక రూటర్ ఛానల్ మార్చుకుంటే మాత్రం ఇదే ఎదురు తిరుగుతుంది. మూడు సెకన్లలో దొరక్కపోతే పూర్తి స్కాన్‌కు వెళ్లేలా రాయాలి. కరెంటు పోయినంతసేపు బటన్ ఉత్త ప్లాస్టిక్కే కనుక రూటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్ కూడా ఖర్చులో కలుపుకోండి. ఆ యూపీఎస్ లేకుండా ఈ సెటప్ ఎవరికీ సిఫారసు చేయను.

నెలల తరబడి ఎవరూ నొక్కని బటన్ బతికుందో లేదో తెలియాలి కదా. రోజుకోసారి టైమర్‌తో లేచి సెల్ వోల్టేజి పంపుతుంది. 26 గంటలు కబురు రాకపోయినా, 3.5 వోల్టుల కిందికి దిగినా క్లౌడ్ నుంచి ఈమెయిల్ వస్తుంది. ఎస్సెమ్మెస్ వద్దు, దానికి కారణం బిల్లు.

సంస్థలైతే డీఎల్‌టీలో (మన దేశంలో ఎస్సెమ్మెస్ పంపే సంస్థలు నమోదయ్యే వ్యవస్థ) రిజిస్టర్ అయి, ఎంటిటీ ఐడీ, టెంప్లేట్ ఐడీ జతచేసి లోకల్ రూటులో పంపొచ్చు. టెంప్లేట్‌కు ఒక్క చుక్క తేడా వచ్చినా మెసేజి మధ్యలోనే పోతుంది. ఇంటి వాడకానికి అంత తతంగం కుదరదు, అంతర్జాతీయ రూటే గతి: ధర చాలా ఎక్కువ, పంపినవారి పేరు చోట ఏవో అంకెలు. ఎస్ఎన్ఎస్ శాండ్‌బాక్స్‌లో (కొత్త ఖాతాల పరీక్ష దశ) పది నంబర్ల దాకా వెరిఫై చేసుకోవచ్చు, ఇంటికి చాలు. కానీ నెలకు డిఫాల్ట్ పరిమితి ఒక్క డాలరు. అది దాటితే చప్పుడు లేకుండా ఆగిపోతుంది, ముందే పెంచమని అడగండి.

తెలుగులో పంపితే ఒక మెసేజికి 70 అక్షరాలే, ఇంగ్లీషు లిపిలో 160. పైగా లెక్కలో 'స్త్రీ' అనే ఒక్క అక్షరం ఆరుగా పడుతుంది. అందుకే నా మెసేజి 'అమ్మ గది బటన్ 21:40' దగ్గరే ఆగింది.